పటం కట్టే ఫోటోకి ఏ కాగితం?

ఒహాయోలో మా ఇంటికి, ఇండియా ప్రయాణం పెట్టుకున్న స్నేహితులు ఫోటోలు ప్రింటు చేసుకోడానికి వస్తుంటారు. అందరి చెయ్యీ ముందు గ్లాసీ కాగితం మీదికే పోతుంది. ఆ మెరుపు అలాంటిది. నేను మాత్రం ఒకటే అడుగుతాను: ఈ ఫోటో అక్కడ ఎక్కడ ఉండబోతోంది? ఆల్బంలోనా, గోడమీదా, పదిమంది చేతుల్లోనా?

చేతులు మారే మనవల ఫోటోలకి లస్టర్ కాగితం ఇస్తాను. రంగులు ఇంచుమించు గ్లాసీలో ఉన్నట్టే పలుకుతాయి. పైన సన్నటి గరుకు ఉంటుంది కాబట్టి వేలిముద్రలు అంతగా కనబడవు, ట్యూబులైటు వెలుగు కళ్లలో కొట్టదు. చదరపు మీటరుకి 260 గ్రాముల బరువున్నది చాలు. మామూలు ప్రింటరు కాగితం 75, 80 గ్రాములే ఉంటుంది. ఏ కాగితం పెట్టామో ప్రింటరుకి సరిగ్గా చెప్పడం మాత్రం మరవకూడదు. ఎంత ఇంకు పొయ్యాలో అది దాన్నిబట్టే లెక్క వేసుకుంటుంది.

గోడమీది పటం సంగతి వేరు. నేను కాకినాడలో పెరిగాను. అక్కడి తేమకి ఏ ఇంట్లో చూసినా అద్దానికి అతుక్కుపోయిన పాత ఫోటో ఒక్కటైనా ఉంటుంది. పటానికి వేసిన పూలదండ తడి కూడా ఫ్రేము అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. అందుకే పెద్దవాళ్ల ఫోటోలకి పిగ్మెంట్ ఇంకు ఉన్న ప్రింటరే వాడతాను. డై ఇంకు ద్రవంలో కరిగి ఉండే రంగు. తడికి అలుక్కుంటుంది, గాలిలోని ఓజోనుకి వెలిసిపోతుంది. పిగ్మెంట్ అంటే మెత్తటి రేణువులు, అవి చాలా నిలకడగా ఉంటాయి.

ఇక కాగితం. పూర్వం స్టూడియోల్లో కడిగిన నలుపు-తెలుపు ఫోటోల్లో చాలావాటికి కాగితం మీద బేరియం సల్ఫేట్ పూత ఉండేది. ఇప్పుడు ఇంకుజెట్‌కీ బరైటా పేరుతో అలాంటి కాగితాలు దొరుకుతున్నాయి. తాతయ్య కోటు నలుపులోని మడతలు, నాయనమ్మ పట్టుచీర అంచు వాటిమీద విడివిడిగా తేలతాయి. మెరుపు అసలే వద్దనుకుంటే పత్తి కాగితం ఉంది. జర్మనీలో 1584 నుంచి కాగితం చేస్తున్న హానెమ్యూలె వారి ఫోటో రాగ్ 308 గ్రాములది, అచ్చంగా పత్తితో చేసింది. ఖరీదెక్కువే, కానీ ఇంటికి ఒక్క పటమే కదా, అక్కడ పొదుపు చెయ్యొద్దంటాను.

మరీ తెల్లగా మెరిసే కాగితాన్ని నేను నమ్మను. ఆ తెలుపు చాలావరకు కలిపిన రసాయనానిది. అతినీలలోహిత టార్చి వేస్తే నీలంగా వెలుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని పస తగ్గి కాగితం పచ్చబడుతుంది.

ప్రింటుని ఒక రోజంతా ఆరనిచ్చాకే పటం కట్టించాలి. ఫోటోకీ అద్దానికీ మధ్య మందపాటి మౌంటు అట్ట పెట్టమని ఫ్రేములవాళ్లకి గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఇప్పటికే అద్దానికి అతుక్కున్న ఫోటో ఉంటే దయచేసి లాగకండి, పైపొర ఊడి మొహం అద్దంతోనే వచ్చేస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయించి, ఆ ఫైలు పట్టుకురండి.