కుడికి తిరిగిన దారి

మేం జిద్దా పోతున్నామని తెలిసి మా బస్తీ కిరాణా కొట్టాయన నవ్వుతూ అన్నాడు: "ఇంకేంది సాబ్, మీ దేశం మీరు పోతున్నరు." ఆయన మాటలో విషం లేదు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. ప్రేమగా దేశం దాటించేవాణ్ణి ఏమనగలం?

అది 2008. అక్కడ ఒక ఉర్దూ పత్రికలో ఉద్యోగం. మా ఇంటి ఉర్దూలో ఒక్కరైనా 'హమ్' అనే అంటాం. ఇక్కడ 'మేం' అని రాస్తున్నది ఆ అలవాటుతోనే. కానీ ఆ 'మేం'లో ఎవరెవరున్నారో మాకు జిద్దా రోడ్ల మీదనే తెలిసింది.

అక్కడ బండి కుడిపక్కన నడపాలి. స్టీరింగు ఎడమపక్కన ఉంటుంది. కొత్తలో గేరు కోసం ఎడమ చెయ్యి పోయి తలుపుకు తగిలేది. మదీనా రోడ్డు ఎక్కితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే. రోడ్డు మీది తెల్లగీతలు అందం కోసం గీసినట్టుండేవి. కుడి చివర పోతున్నవాడు ఉన్నట్టుండి మా ముందునుంచి ఎడమకు కోసుకుపోయేవాడు. పచ్చలైటు పడీ పడకముందే వెనక హారన్లు. పెద్ద పెద్ద బండ్లు వెనకనుంచి లైట్లు కొట్టేవి. అది దారి అడగడం కాదు, తప్పుకొమ్మని హుకుం. మన అఫ్జల్‌గంజ్‌లో మాత్రం గందరగోళం లేదా అంటే ఉంది. అక్కడ ఆటో, ఆవు, తోపుడుబండి, సిటీబస్సు అన్నీ ఇరవై స్పీడులో ఒకదాన్నొకటి రాసుకుంటూ బతుకుతాయి. జిద్దాలో అదే గందరగోళం నూట ఇరవైలో నడుస్తుంది. తప్పు జరిగితే సారీ చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు.

రోడ్డు మీది ప్రతి బోర్డునూ మేం చదవగలిగేవాళ్లం. అక్షరాలు మావే కదా! అర్థం మాత్రం అయ్యేది కాదు. చిన్నప్పుడు మసీదులో మౌల్వీ సాబ్ ముందు కూర్చుని అర్థం తెలియకుండా ఖురాన్ చదివినట్టే ఉండేది. కారును అక్కడ 'సయ్యారా' అంటారు. ఉర్దూలో సయ్యారా అంటే గ్రహం. సిగ్నల్ 'ఇషారా'. మాకది కనుసైగ. లైసెన్సు 'రుఖ్సా'. మాకు రుఖ్సత్ అంటే పెళ్లికూతుర్ని సాగనంపడం. దగ్గరి మాటలే అట్లా ఏమారుస్తుంటే ఒకే ఒక్క మాట అర్థంతో సహా దొరికింది. 'సీదా'. నేరుగా పొమ్మనడానికి అక్కడివాళ్లూ సీదా అనే అంటారు. మన హిందుస్తాన్ నుంచి పోయిన మాట అది.

ఆ రోడ్ల మీద మాకు డ్రైవింగు నేర్పింది ఉమ్మత్ సోదరులెవరూ కాదు. జగిత్యాల నుంచి వచ్చి ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా ఉన్న అన్న. హిందువు. శుక్రవారం పొద్దున ఊరంతా నిద్రపోతుంటే ఖాళీ రోడ్ల మీద మా పాత కరోలాలో పక్కన కూర్చుని నేర్పేవాడు. "ఈడ కాయిదా లేదు భాయ్, కండ్లే కాయిదా. గీత జూడకు, పక్కోని టైరు జూడు. టైరు మర్రిందంటే వాడు నీ మీదికొస్తున్నట్టే." మా ఇంటావిడ వెనక సీట్లో ఉండేది. హైదరాబాద్‌లో స్కూటీ మీద ఉద్యోగానికి పోయిన మనిషి. 2018 జూన్ దాకా ఆ దేశంలో ఆడవాళ్లకు బండి నడిపే అనుమతి లేదు. "మీకంటే నేనే నయంగా నడుపుతా" అని వెనకనుంచి సణిగేది. "నిజమే వదినె" అని అన్న ఒప్పుకునేవాడు.

మక్కాకు పోయే పెద్దరోడ్డు మీద అప్పట్లో ఒక బోర్డు ఉండేది. మక్కాకు ముస్లింలు మాత్రమే, ముస్లిమేతరులు కుడివైపు తిరగాలని. మొదటిసారి ఉమ్రాకు పోతూ ఆ బోర్డు చూసినప్పుడు మా కళ్లు చెమ్మగిల్లాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి? హైదరాబాద్‌లో అద్దె ఇంటికోసం తిరిగినన్నాళ్లూ పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అన్న గొంతులు విన్నాం. ఆ గొంతులకు బోర్డులుండవు. "పర్వాలేదండీ" అని నవ్వి మెట్లు దిగడం నేర్చుకున్నాం. అట్లాంటి మమ్మల్ని ఒక బోర్డు పేరుపెట్టి పిలిచింది. జీవితంలో మొదటిసారి.

రెండోసారి ఆ బోర్డు చూసింది అన్నతో కలిసి. సెలవురోజు తాయిఫ్ పోదామని బయలుదేరాం. మేం నడుపుతున్నాం, అన్న పక్కన. మాటల్లో పడి ఎడమ లైనులోనే దూసుకుపోతున్నాం. దూరంగా బోర్డు కనిపించగానే అన్న మాట ఆపాడు. తర్వాత మెల్లగా, "మీ తొవ్వ సీదా భాయ్. నా తొవ్వ కుడికి. ఎక్కడన్న దింపుండ్రి, నేను టాక్సీల వస్త" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు మాకు తెలుసు. ఇంటి ఓనర్ల గడపల ముందు మేం నవ్విన నవ్వే అది.

"కుడికి తిప్పండి!" వెనకనుంచి మా ఇంటావిడ అరిచింది.

ఆలోచించే టైము లేదు. ఎడమ చివరనుంచి కుడి చివరకు, లైన్లన్నీ కోసుకుంటూ తిప్పేశాం. అచ్చం జిద్దావాళ్లలాగే. నాలుగు దిక్కులా హారన్లు. ఒక పికప్పు వాడు మా పక్కకొచ్చి అద్దం దించి చెయ్యి ఊపుతూ అరిచాడు: "యా హిందీ!" ఆ వైపు 'హిందీ' అంటే ఇండియావాడనే కాదు, తెలివితక్కువవాడని కూడా. "నేనేం హిందీనా?" అంటే "నేనేం పిచ్చోణ్ణా?" అని.

చేతులు వణుకుతుండగా బైపాస్ ఎక్కాం. కాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి అన్నే అడిగాడు. "వాడు ఎవల్ని తిట్టిండు భాయ్? నిన్నా, నన్నా?"

"ఇద్దర్నీ."

"నన్ను కాదు, నా చేతుల్లో స్టీరింగు లేదుగా" అంది మా ఇంటావిడ. అందరం నవ్వాం. తర్వాత హదా ఘాటు ఎక్కుతుంటే రోడ్డుపక్క కోతుల్ని చూసి అన్న కొండగట్టు కోతుల్ని తలుచుకున్నాడు.

హరమ్ నియమం మా దీన్‌కు సంబంధించింది. దానితో మాకు పేచీ లేదు. పూరీ జగన్నాథుడి గుడిలోకీ హిందువులు కానివాళ్లను రానివ్వరు. దేన్ని దేనితోనూ తూచడం లేదు. మేం చెప్పేది బోర్డు ముందు ఆగిన మనిషి సంగతి. మమ్మల్ని ఆపిన బోర్డుల గురించి మేం చాలా రాశాం, ఇంకా రాస్తాం. రాయకపోతే ఎట్లా? కానీ మమ్మల్ని రమ్మన్న బోర్డు పక్కవాణ్ణి ఆపుతున్నప్పుడు మేమెట్లా ఉన్నాం? ఒంటరిగా పోయిననాడు ఆ ప్రశ్న మాకు తట్టనేలేదు. పక్కసీట్లో అన్న ఉన్నాడు కాబట్టే తట్టింది.

2010లో తిరిగొచ్చాక కిరాణా కొట్టాయన అడిగాడు. "మీ దేశం ఎట్లుంది సాబ్?"

"ఆడ మమ్మల్ని హిందీ అన్నరు" అన్నాం. ఆయనకు అర్థం కాలేదు. ఉర్దూ వాళ్లను హిందీ అనుడేందని నవ్వి, చక్కెర పొట్లం కట్టిచ్చాడు.

అన్న ఇప్పుడు జగిత్యాలలో సొంత ఆటో నడుపుతున్నాడు. కౌమ్ అంటే ఎవరు, మనం అంటే ఎవరు అని మావాళ్లు వాదించుకుంటున్నప్పుడల్లా మాకు ఆ కరోలా గుర్తొస్తుంది. అందులో ముగ్గురం ఉన్నాం. ఇన్ని మాటల్లో మేం 'మేం' అన్నచోట అన్ననూ లెక్కేసుకోండి.