మామ పంచలో సోడా మిషను

ఎండాకాలం సెలవులకి ప్రొద్దుటూరు దగ్గర మామ వాళ్ళ ఊరు పోతే, బస్సు దిగి వీధి మలుపు తిరిగేలోపే గడగడమని సోడా మిషను చప్పుడు వినపడేది. పంచలో ఓ మూల ఇనప జాలీ బిగించిన పెట్టె, దానికి చేతులు తగిలి తగిలి నున్నబడిన చెక్క పిడి, పక్కన గోడకి గొలుసుతో కట్టిన గ్యాసు సిలిండరు, కింద తడిసి నల్లబడిన కడప బండలు, వాటన్నిటి మీదా సుగంధి వేళ్ళ వాసన. అత్త రాత్రే నన్నారి వేళ్ళు దంచి నానేసి, పొద్దున్నే మరిగించి వడగట్టి, చక్కెర పాకంలో కలిపి చల్లారబెట్టేది.

మామ ధ్యాసంతా నీళ్ళ మీదే. బావి నీళ్ళు గుడ్డలో వడగట్టి, కుండల్లో పోసి, చుట్టూ తడి గోనెసంచులు చుట్టి తెల్లవార్లూ ఉంచేవాడు. "నీళ్ళు సల్లగుంటేనే గ్యాసు పడుతుందిరా నాయనా, ఏడెక్కితే నిలవదు" అనేవాడు. బడికి ఎక్కువ పోని మనిషి చెప్పిన ఆ మాటే తర్వాత కాలేజీ పుస్తకంలో కనపడింది.

నింపిన సీసాలు మిషన్లో పెట్టి, గ్యాసు విప్పి చక్రం తిప్పితే, అవి తలకిందులై, గోలీ మెడలోకి జారి, లోపలి ఒత్తిడికి మూతి దగ్గరి రబ్బరు వాచరుకి అతుక్కుపోయేది. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్న సీసా అది. వేరే మూతే అక్కర్లేదు, లోపలి గ్యాసే దానికి తాళం. ఎంత చక్కటి ఆలోచనో! ఒక్కోసారి సీసా ఫట్టుమని పగిలేది, అందుకే ఆ జాలీ, అందుకే మామ చేతికి గోనెగుడ్డ, మాకు గడప దాటొద్దని ఆంక్ష. పగిలిన దాంట్లోని ఆకుపచ్చ గోలీ కోసం మాత్రం మాలో మాకు యుద్ధమే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక గ్లాసుల్లో నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి వరసగా పెట్టేది అత్త. మామ బొటనవేలితో గోలీ నొక్కి కీచుమని సోడా కొట్టి వంచితే, నురగ అంచు దాటి పొంగేది, దాన్ని కారనివ్వకుండా వంగి నోటితో అందుకునేవాళ్ళం. ముక్కులోకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగితే, ఇవాళ గ్యాసు బాగా పట్టిందని మామకి ఆనందం.

తర్వాత అంగళ్ళలోకి ప్లాస్టిక్ సీసాలొచ్చాయి, వాచర్లు దొరకడం తగ్గింది, మిషను పాత ఇనుముకి పోయింది. నన్నారి పాకం అత్త ఇప్పటికీ ప్రతి వేసవికీ పంపుతుంది. ఇంట్లో చేసుకునే చిన్న మిషనుతో ఫ్రిజ్ నీళ్ళకి గ్యాసు పట్టించి అందులో కలిపిస్తే మా పిల్లలకి శానా ఇష్టం. గోలీ సీసా మాత్రం వాళ్ళు చూళ్ళేదు.