నల్లకోటు వస్తే... తలుపు తీయాల్సిందే!

పొద్దున్నే పనిమీద బయల్దేరుతుంటే నల్లకోటు, నల్లప్యాంటు, మసి అంటిన చేతులతో ఓ మనిషి ఎదురయ్యాడనుకోండి... మన పెద్దవాళ్లయితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లమంటారు. జర్మనీలో మాత్రం సంబరపడిపోతారు. వీలైతే అతని భుజాన్నో, కోటు గుండీనో ఓసారి తాకి మరీ వెళ్తారు. ఇక ఆ రోజంతా అదృష్టమేనని వాళ్ల నమ్మకం. కొత్త సంవత్సరానికి బంధుమిత్రులకు ఇచ్చుకునే కానుకల్లోనూ ఆ మనిషి బొమ్మ ఉంటుంది. ఆయనే షోర్న్‌స్టైన్‌ఫేగర్. అంటే, పొగగొట్టాలు శుభ్రంచేసే మనిషి.

అదృష్టం సంగతి ఎలా ఉన్నా ఆయన చేతిలో అధికారం మాత్రం చాలానే ఉంది. ఆ దేశంలో ఇల్లు వెచ్చగా ఉండాలంటే కట్టెల పొయ్యో, గ్యాస్ బాయిలరో కొనుక్కుంటే సరిపోదు. దాన్ని వెలిగించుకోవచ్చని ఆయన రాసివ్వాలి. ఆ తర్వాత కూడా గడువు తప్పకుండా తనిఖీలు చేయించుకోవాలి. అదేంటి, మన ఇంట్లో మన పొయ్యి వెలిగించుకోవడానికి ఇంకొకరి అనుమతి ఎందుకూ అనిపిస్తుంది కదూ! ఎందుకో తెలియాలంటే ఓసారి రోటెన్‌బుర్గ్ వెళ్లిరావాలి.

ఎర్ర పైకప్పుల ఊరు

దక్షిణ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, టౌబర్ నది ఒడ్డున గుట్టమీద ఉంటుంది రోటెన్‌బుర్గ్. జనాభా 11 వేలకు అటూఇటూ. చుట్టూ రాతి కోటగోడ, గోడ మీద నడిచి వెళ్లేందుకు దారి, లోపల రాళ్లు పరిచిన సన్నటి వీధులు... మధ్యయుగాల నాటి ఊరు అలాగే నిలిచిపోయిందా అనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1945 మార్చి 31న పడిన బాంబులకు పాతపట్నంలో చాలా భాగం దెబ్బతింది. ఊరివాళ్లు దాన్ని మళ్లీ పాత రూపంలోనే కట్టుకున్నారు.

పురపాలక భవనం మీదున్న బురుజుకి 220 మెట్లు. ఎక్కి కిందకి చూస్తే... నిటారుగా వాలిన ఎర్రపెంకుల కప్పులు, వాటి మధ్య నుంచి తలెత్తిన పొగగొట్టాలు. చలికాలంలో వాటిలోంచి సన్నగా పొగ లేస్తూ ఉంటుంది. కింద వీధుల్లో పర్యటకులు ఈ ఊరి ప్రత్యేకమైన ష్నేబాల్ తింటూ తిరుగుతుంటారు. పిండిని రిబ్బన్లలా కోసి, ఉండలా చుట్టి, నూనెలో వేయించి పంచదార పొడి చల్లే మిఠాయి అది.

చూడ్డానికి ముచ్చటగా ఉన్నా ఈ ఇళ్లకు నిప్పంటే భయం. చాలావాటికి చెక్క దూలాలే అస్థిపంజరం. వాటి మధ్య ఖాళీలను మట్టితోనో, రాళ్లతోనో నింపి గోడలు కట్టారు. పైకప్పు కింద అంతా కలపే. ఒక ఇంటికి నిప్పంటుకుంటే పక్కిల్లు, దాని పక్కిల్లు... అలా వీధి మొత్తం పోయేది. బురుజు ఉన్న పురపాలక భవనమే అందుకు సాక్ష్యం. అందులో తూర్పు భాగం 1501లో కాలిపోతే, ఇప్పుడున్న కట్టడాన్ని 1570ల్లో కట్టారు. రాత్రిపూట లాంతరు పట్టుకుని పర్యటకులకు కథలు చెబుతూ ఊరంతా తిప్పే కాపలాదారుడు ఇక్కడ పెద్ద ఆకర్షణ. ఒకప్పుడు అలాంటి కాపలాదారుల ముఖ్యమైన పనుల్లో ఒకటి... ఎక్కడైనా నిప్పు అంటుకుందేమో చూసి ఊరిని లేపడం!

అందుకే పొయ్యి ఇంటివారిదే అయినా, నిప్పు ఊరందరి వ్యవహారమన్న ఆలోచన ఇక్కడ పాతుకుపోయింది.

రాసిస్తేనే వెచ్చదనం

ఇలాంటి ఇంట్లో ఇప్పుడెవరైనా కొత్తగా కట్టెల పొయ్యి పెట్టుకోవాలనుకుంటే ఏంచేయాలి?

కొనకముందే తమ ప్రాంతానికి నియమించిన అధీకృత పొగగొట్టాల నిపుణుణ్ని పిలిచి అడగడం తెలివైన పని. జర్మనీ అంతటినీ ఇందుకోసం ఏడువేలకు పైగా చిన్నచిన్న ప్రాంతాలుగా విభజించారు. ఒక్కోదానికి ఒక్కరు. ఆయన ప్రభుత్వోద్యోగి కాదు, సొంతంగా పనిచేసుకునే వృత్తినిపుణుడే. కానీ ప్రభుత్వం ఆయనకు ఏడేళ్లపాటు అధికారం ఇస్తుంది. గడువు తీరాక మళ్లీ ప్రకటన, మళ్లీ పోటీ.

పొగగొట్టం ఎంత వెడల్పుండాలి, పొయ్యికీ చెక్క దూలానికీ ఎంత దూరం ఉండాలి, మంటకు కావల్సినంత గాలి గదిలోకి వస్తుందా... ఇవన్నీ ఆయన చూస్తాడు. పాతపట్నంలో ఇంటి బయటివైపు కొత్త గొట్టం కనిపించేలా పెట్టాలంటే వారసత్వ కట్టడాల శాఖ అనుమతీ కావాలి. గ్యాస్ బాయిలరయితే దాన్ని బిగించేవాళ్లకూ అర్హత ఉండాలి. గ్యాస్ సరఫరా సంస్థ దగ్గర నమోదైన సంస్థలే ఆ పనిచేయాలి. తెలిసిన కుర్రాణ్ని పిలిచి పైపు తగిలించేయడం కుదరదు.

అంతా బిగించాక నిపుణుడు మళ్లీ వచ్చి చూస్తాడు. పొగగొట్టం బాగుంది, వాడుకోవచ్చని రాసిస్తేనే పొయ్యి వెలిగించాలన్నది బవేరియా నిబంధన.

అక్కడితో అయిపోలేదు. ఏడేళ్లలో రెండుసార్లు ఆయన ఇంట్లోని పొయ్యిలూ, బాయిలర్లూ, గొట్టాలూ అన్నీ స్వయంగా పరిశీలిస్తాడు. ఏ పని, ఎప్పటిలోగా చేయించాలో రాసి యజమానికి ఒక ఉత్తర్వు ఇస్తాడు. చలికాలమంతా కట్టెలు కాల్చే ఇంట్లో గొట్టాన్ని ఏడాదికి మూడుసార్లు తుడిపించాలి. ఎప్పుడో ఓసారి వెలిగించే పొయ్యికైతే ఏడాదికోసారి చాలు. కట్టెల్లో తేమ ఎంతుందో కూడా కొలుస్తాడు. రంగు వేసిన చెక్క, ఇంట్లో చెత్త లాంటివి పొయ్యిలో వేయకూడదు.

గడువులోగా పని చేయించినట్టు కాగితం చూపకపోతే విషయం అధికారుల దాకా వెళ్తుంది. వాళ్లు ఇంకో గడువిస్తారు. అదీ దాటితే వాళ్లే మనిషిని పంపి పని చేయించి, ఖర్చు ఇంటాయన దగ్గర వసూలు చేస్తారు. అవసరమైతే పోలీసుల సాయంతో తలుపు తెరిపిస్తారు.

వాసన లేని శత్రువు

ఇంత హడావుడి దేనికంటే... రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది కంటికి కనిపిస్తుంది. గొట్టంలో పేరుకున్న మసి అంటుకుంటే లోపల వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. కంగారుపడి నీళ్లు పోశారా, అంతే సంగతులు! లీటరు నీరు దాదాపు 1700 లీటర్ల ఆవిరిగా మారి గొట్టాన్నే పేల్చేస్తుంది. అందుకే అలాంటప్పుడు అగ్నిమాపక దళం పొగగొట్టాల నిపుణుణ్నీ పిలుస్తుంది.

రెండోది కనిపించదు. కట్టె, బొగ్గు, గ్యాస్... ఏదైనా సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. కాస్త తలనొప్పి, కాస్త మగత... అలా కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే స్పృహ తప్పిపోతారు.

రోటెన్‌బుర్గ్ ఉన్న ఫ్రాంకోనియా ప్రాంతంలోనే ఆర్న్‌స్టైన్ అనే చిన్న ఊరుంది. 2017 జనవరిలో అక్కడి తోట ఇంట్లో పుట్టినరోజు వేడుక చేసుకున్న ఆరుగురు యువతీయువకులు మర్నాటికి శవాలై కనిపించారు. అందరికీ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు. మొదట అనుమానం కట్టెల పొయ్యి మీదకే వెళ్లింది. చివరికి ప్రాణాలు తీసింది పక్కన పెట్టిన పెట్రోలు జనరేటర్ పొగ అని తేలింది. అది ఇంటి లోపల వాడాల్సినది కాదు. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. ఏమీ కాదులే అనుకున్నారు, అంతే. అనుమతి కాగితాలు అడ్డుకోవాలని చూసేది సరిగ్గా ఆ మాటనే.

గడప దగ్గర గొడవ

అలాగని జనం ఈ పద్ధతిని నెత్తిన పెట్టుకున్నారనుకుంటే పొరపాటే. ఇల్లు అతిక్రమించరానిదని జర్మనీ రాజ్యాంగంలోని 13వ అధికరణం చెబుతుంది. ఆ హక్కుకు తన పరిధిలో మినహాయింపు ఉందని పొగగొట్టాల చట్టం చెబుతుంది. 'నా ఇంట్లోకి నేను పిలవని మనిషి ఎందుకు రావాలి' అన్న ప్రశ్న అక్కడ పాతదే.

దానికితోడు చాలాకాలం ఎవరి ప్రాంతం వారిదే. ఇంకొకరిని పిలుచుకునే వీల్లేదు. దేశమంతా ఇలా ప్రాంతాలవారీ గుత్తాధిపత్యం 1935లో నాజీల పాలనలో స్థిరపడింది. యుద్ధం ముగిసినా, ప్రభుత్వాలు మారినా ఇది మాత్రం కదల్లేదు. లోపాలు వెతికేదీ ఆయనే, వాటిని సరిచేసి డబ్బు తీసుకునేదీ ఆయనే అయితే ఎలా అని జనం విసుక్కునేవారు. చివరికి ఐరోపా సంఘం ఒత్తిడి తేవడంతో 2008లో చట్టం మార్చారు. 2013 నుంచి తుడిచే పనికీ, పొగ కొలిచే పనికీ అర్హత ఉన్న ఎవరినైనా పిలుచుకోవచ్చు. ఏడేళ్లలో రెండుసార్లు చేసే పరిశీలన, ఉత్తర్వు, కొత్త పొయ్యికి అనుమతి మాత్రం ఇప్పటికీ అధీకృత నిపుణుడివే. పనిలో పోటీ పెట్టారు, బాధ్యతను ఒక్కరి దగ్గరే ఉంచారన్నమాట.

పాత పొయ్యికి సెలవు

ఇప్పుడు నిప్పుతోపాటు గాలి గురించీ పట్టించుకుంటున్నారు. ఇళ్లలోని చిన్న పొయ్యిల పొగ మీద 2010లో కొత్త నిబంధనలు వచ్చాయి. పాతవాటికి విడతలవారీగా గడువు పెట్టారు. 1995 నుంచి 2010 మార్చి మధ్య అనుమతి పొందిన పొయ్యిల వంతు 2024 డిసెంబరు 31తో ముగిసింది. ఘనపు మీటరు పొగలో ధూళి 0.15 గ్రాములు, కార్బన్ మోనాక్సైడ్ 4 గ్రాములు మించదని రుజువు చూపాలి. లేదంటే వడపోత పరికరం పెట్టించాలి, లేదా పొయ్యి ఆర్పేయాలి. నిబంధన మీరితే జరిమానా 50 వేల యూరోల వరకూ ఉండొచ్చు. 1950కి ముందు తయారైన తాతల నాటి పొయ్యిలకూ, ఇంటికి ఆధారం ఆ ఒక్క పొయ్యే అయినవాళ్లకూ మినహాయింపు ఇచ్చారు.

ఇక 2023లో ఇంటి బాయిలర్ల చుట్టూ దేశ రాజకీయాలే వేడెక్కాయి. కొత్తగా పెట్టే తాపన వ్యవస్థల్లో కనీసం 65 శాతం పునరుత్పాదక శక్తి వాడాలన్న చట్టం కోసం పెద్ద రభసే జరిగింది. అది 2024 జనవరి నుంచి దశలవారీగా మొదలైంది. 2025లో అధికారంలోకి వచ్చిన కూటమి దాన్ని రద్దుచేస్తామని ఒప్పందంలో రాసుకుంది. అన్నట్టు, బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే హీట్‌పంపుకి పొగగొట్టమే అక్కర్లేదు. అందుకే చాలామంది నిపుణులు కరెంటు, ఇంధనం పొదుపు మీద సలహాలిచ్చే పనీ నేర్చుకుంటున్నారు.

చదువుకీ, ఉద్యోగాలకీ మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే మన తెలుగువాళ్లకు అద్దె అపార్టుమెంటు గుమ్మం దగ్గర ఓ కాగితం అంటించి కనిపిస్తుంది. ఫలానా రోజు ఫలానా వేళకు పొగగొట్టాల నిపుణుడు వస్తాడు, ఇంట్లో ఉండండి అని! మొదట్లో వింతగా అనిపించినా ఆ కాగితాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన ఊళ్లలో ఇళ్లను వెచ్చబెట్టుకునే అవసరం తక్కువే. కానీ గాలి ఆడని స్నానాల గదిలో బిగించిన గ్యాస్ గీజర్ వల్లా, తలుపులు మూసిన గదిలో రాత్రంతా ఉంచిన బొగ్గుల కుంపటి వల్లా ప్రాణాలు పోయిన వార్తలు చలికాలంలో మన పత్రికల్లోనూ కనిపిస్తున్నాయి. మన గుమ్మంలోకి నల్లకోటు మనిషి రాడు. కాబట్టి గీజర్ బిగించే కుర్రాణ్ని ఆ రెండు ప్రశ్నలూ మనమే అడగాలి. దీని పొగ ఎటు పోతుంది? మంటకు గాలి ఎటునుంచి వస్తుంది? జవాబు సరిగ్గా చెప్పేదాకా గీజర్ వెలిగించకుండా ఉంటే చాలు.