ఖాళీ పార్సిల్

మేమిద్దరం ఫోనులో ఫొటోలు పెట్టి మంగళగిరి చీరలు అమ్ముతుంటాము. ఒకనాడు ఒకామె, "అమ్మా, మీ పార్సిల్‌లో ఏమీ లేదు" అని వ్రాసింది. 1,800 రూపాయల చీర! మాకు కోపం వచ్చింది. కటువుగా జవాబు వ్రాసి, పంపకుండా ఆగాము. స్పీడ్ పోస్టు రసీదు చూచాము. బరువు 520 గ్రాములు. ఖాళీ కవరు అంత తూగదు గదా!

"కవరు పారవేయకండమ్మా, అన్ని వైపులా ఫొటోలు తీసి పంపండి" అని అడిగాము. ఒక అంచున కోసి, వేరే టేపు అంటించిన గుర్తు కనబడింది. ఆమె అబద్ధమాడలేదు; మేమూ మోసం చేయలేదు. తపాలా శాఖకు ఫిర్యాదు వ్రాశాము. జవాబు కోసం చూడకుండా ఆమె సొమ్ము పంపివేశాము.

ఇప్పుడు తూచేటప్పుడు, అంటించేటప్పుడు వీడియో తీస్తున్నాము. ప్రియ పాఠకులారా, రసీదు దాచుకోండి, కోపాన్ని మాత్రం దాచుకోకండి.