దారి చెప్పేవాడు

కొత్త ఊళ్ళో బస్సు దిగి ఎవరి ఇంటికైనా వెళ్ళవలసి వస్తే, మనం మొదట చేసే పని బస్‌స్టాండు పక్కనున్న కిళ్ళీకొట్టు దగ్గర ఆగి "ఫలానావారి ఇల్లెక్కడండీ?" అని అడగడం. కొట్టువాడు దగ్గరి సందు చూపిస్తే ఐదు నిమిషాల్లో చేరతాం. తనకు తెలిసిన పెద్దవీధి గుండా తిప్పితే అరగంట ఎండలో నడుస్తాం. ఇల్లు అక్కడే ఉంది, కాళ్ళూ మనవే. తేడా అంతా దారి చెప్పినవాడిలో ఉంది. అంతర్జాలంలో ఈ కొట్టువాడి పాత్ర వహించేది డీఎన్ఎస్ సర్వరు. అది ఉన్నదన్న సంగతే చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరం రాకుండా పనిచేయడమే దాని ధర్మం కూడాను.

మనం బ్రౌజరులో రాసేది పేరు, యంత్రాలకు కావలసింది అంకెల చిరునామా. ఆర్పానెట్ రోజుల్లో ఈ పేర్లూ అంకెలూ అన్నీ ఒకే ఒక్క జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వాన ఒక బృందం ఆ జాబితాను నిర్వహించేది. మిగిలినవారు దానిని దించుకొని తమ యంత్రాలలో పెట్టుకొనేవారు. కుటుంబం చిన్నదైనంతకాలం ఇంటి పెద్దమ్మ అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకోగలదు. వంశం విస్తరించాక ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా చాలదు. 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ భారాన్ని పంచివేసే పద్ధతిని రూపొందించాడు. ఎవరి పేరు బాధ్యత వారిదే. మన తరఫున నలుగురినీ అడిగి, జవాబు తెచ్చి, కొంతసేపు జ్ఞాపకం ఉంచుకొనే మధ్యవర్తి మాత్రం వేరు. ఆ మధ్యవర్తినే రిజాల్వరు అంటారు. మనకు ఇంటర్నెట్టు ఇచ్చే సంస్థ, కనెక్షనుతో పాటే తన రిజాల్వరును కూడా అడగకుండానే మన రౌటరుకు అంటగడుతుంది.

ఇంతవరకూ ఇది ఫోను డైరెక్టరీ వంటిదే. పేరు ఒకటి, చిరునామా ఒకటి, ఎవరడిగినా జవాబు ఒకటే. కానీ వెబ్బు పెరిగేకొద్దీ ఒకే చోటనున్న సర్వరు లోకానికంతటికీ వడ్డించలేకపోయింది. ఆ చిక్కు విప్పడానికి ఎంఐటీలో గణితాచార్యుడైన టామ్ లెయిటన్, ఆయన శిష్యుడు డానియల్ లెవిన్ కలిసి 1998లో అకమై సంస్థను ప్రారంభించారు. (లెవిన్ 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు జంట సౌధాలలో మొదటిదానిని ఢీకొన్న విమానంలో ప్రాణాలు కోల్పోయాడు. అప్పటికి అతడి వయసు ముప్పై ఒక్క ఏళ్ళు.) వారి పద్ధతిలో ఒకే పుటకు, ఒకే బొమ్మకు నకళ్ళు ఊరూరా ఉన్న సర్వర్లలో ఉంటాయి. ఎవరైనా పేరు అడిగినప్పుడు, అడిగినవారికి దగ్గరలో ఉన్న నకలు చిరునామా ఇస్తారు. అంటే ప్రశ్న ఒకటే అయినా జవాబు అడిగినవాడిని బట్టి మారుతుంది. డైరెక్టరీ కాస్తా దారి చూపే మనిషి అయింది.

దగ్గర, దూరం అన్న మాటలు ఇక్కడ అలంకారానికి అన్నవి కావు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు. చెన్నై నుండి సింగపూరు తిన్నని గీత మీద దాదాపు 2,900 కిలోమీటర్లు. ఎంత గొప్ప యంత్రం పెట్టినా పోయి రావడానికి 29 మిల్లీసెకన్ల కంటే తక్కువ పట్టదు. ఇది ప్రకృతి విధించిన సుంకం. ఒక పుట తెరుచుకోవాలంటే ఇటువంటి రాకపోకలు పదులసార్లు జరుగుతాయి కనుక, సుంకం ప్రతిసారీ చెల్లించవలసిందే.

అయితే ఈ ఏర్పాటులో మొదటినుండీ ఒక మెలిక ఉంది. పేరు అడిగేది మన తరఫున రిజాల్వరు కదా. అవతలి సర్వరుకు కనిపించేది రిజాల్వరు చిరునామాయే కాని, ఇంట్లో కూర్చున్న మనిషిది కాదు. కనుక అది "ఈ రిజాల్వరు ఎక్కడుందో దీని చందాదారులూ అక్కడే ఉంటారు" అని భావించి జవాబు చెబుతుంది. రిజాల్వరు మన ఊరి సంస్థదే అయితే ఈ ఊహ నిజమే. రిజాల్వరు సముద్రానికి ఆవల ఉంటే, మనకోసం తెచ్చే చిరునామా కూడా సముద్రానికి ఆవలిదే అవుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకజ్ఞానంగా పాతదే. 2020లో మాత్రం అది మా ఇంట్లోకి వచ్చింది. కరోనా కారణంగా ఎంసెట్టు సెప్టెంబరుకు వాయిదా పడింది. మా మేనకోడలు రాజమహేంద్రవరంలో మా ఇంట్లోనే ఉండి చదువుకొంటోంది. కోచింగువారు పాఠాలన్నీ రికార్డు చేసి నెట్టులో పెట్టారు. పిల్ల చదువంతా ఆ రికార్డుల మీదే. మా వీధికి ఇంటర్నెట్టు ఇచ్చేది స్థానిక కేబులు సంస్థ. ఊరంతా ఇళ్ళలోనే ఉన్న ఆ రోజుల్లో, సాయంత్రం ఆరు దాటేసరికి దాని రిజాల్వరు సొమ్మసిల్లిపోయేది. లైనంతా బాగానే ఉండేది, పేర్లు మాత్రం తేలేవి కావు. కేబులు కుర్రవాడు వచ్చి, రౌటరులో సంస్థవారి అంకెలు తీసివేసి, పేరున్న ఒక ఉచిత రిజాల్వరు అంకెలు పెట్టి వెళ్ళాడు. ఆ పరిస్థితిలో చేయదగిన పని అదే. వార్తలూ ఉత్తరాలూ ఠక్కున తెరుచుకోసాగాయి.

పాఠాలు మాత్రం మొదలుపెట్టిన నిమిషానికి నిలిచిపోయేవి. "మావయ్యా, ఫిజిక్సు మాస్టారు నోరు తెరిచి పది నిమిషాలయింది, ఇంకా మాట రాలేదు" అని పిల్ల నవ్వుతూనే అంది కాని, ఆ నవ్వు వెనుక బెంగ నాకు తెలుస్తూనే ఉంది.

అదే పేరును రెండు రిజాల్వర్లనూ అడిగి చూశాను. సంస్థవారిది చెప్పిన చిరునామా 12 మిల్లీసెకన్ల దూరంలో, సంస్థవారి జాలంలోనే ఉంది. ఉచిత రిజాల్వరు చెప్పింది 70 మిల్లీసెకన్ల దూరంలో, సింగపూరులో తేలింది. కుర్రవాడికి ఇది మింగుడుపడలేదు. "స్పీడు టెస్టులో వంద చూపిస్తోంది కదండీ మాస్టారూ, మరి పాఠం ఎందుకాగుతోందండీ?" అన్నాడు. స్పీడు టెస్టు సాధారణంగా తనకు దగ్గరి సర్వరును ఎంచుకొని కొలుస్తుంది. ఇంటినుండి సంస్థ ఆఫీసు దాకా దారి వెడల్పే. అక్కడినుండి బయటి లోకానికి పోయే దారిని మాత్రం సంస్థ డబ్బు పెట్టి కొనుక్కోవాలి, కనుక అది ఇరుకు. ఊరంతా సాయంత్రం ఆ ఇరుకులోనే తోసుకొంటుంది. ఆ అవస్థ తప్పించడానికే పెద్ద కంటెంటు సంస్థలు తమ నకళ్ళున్న పెట్టెలను ఇంటర్నెట్టు సంస్థల ఆవరణలోనే ఉంచుతాయి.

సంస్థ ఇంజినీరుతో ఫోనులో మాట్లాడినప్పుడు ఆయనే అన్నాడు: "అందరూ బయటి రిజాల్వరు పెట్టుకొంటున్నారు సార్. మా దగ్గరున్న కాష్ పెట్టె ఖాళీగా కూర్చుంది, బయటి లైను నిండిపోతోంది." కాష్ పెట్టె అంటే గల్లాపెట్టె కాదు గాని, ఆయనకు నష్టం మాత్రం గల్లాపెట్టెలోనే కనిపించింది. రిజాల్వరు బలహీనమయినందున చందాదారులు దానిని వదిలారు. వదిలినందున పక్కనే ఉన్న సరుకు కోసం సింగపూరు వెళ్ళసాగారు. ఆ ప్రయాణంతో బయటి దారి మరింత ఇరుకయింది. కొత్త యంత్రం ఒకటి పెట్టి రిజాల్వరును నిలబెట్టడానికి వారికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ మా పిల్ల తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఊరు నిద్రపోతుండగా లేచి పాఠాలు చూసుకొంది. పరీక్షకు ముందు ఒక పిల్ల నిద్ర ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ చిక్కు మా వీధికే పరిమితం కాదు. ఓపెన్ డీఎన్ఎస్ 2006లో, గూగుల్ వారి రిజాల్వరు 2009 డిసెంబరులో వచ్చినప్పటినుండీ లోకమంతటా ఉన్నదే. దీనికి మందుగా, రిజాల్వరు తాను అడిగేటప్పుడు చందాదారు చిరునామాలో కొంత భాగాన్ని కూడా జతచేసి చెప్పే పద్ధతి ఒకటి వచ్చింది. పూర్తి ఇంటి నంబరు కాదు, వీధి పేరు మాత్రం చెప్పడం వంటిది. 2016లో ఆర్ఎఫ్‌సీ 7871గా దానిని గ్రంథస్థం చేశారు. అకమై 2014లో దీనిని అమలుపరచినప్పటి ఫలితాలను రమేశ్ సీతారామన్ తదితరులు 2015లో ప్రకటించారు. బహిరంగ రిజాల్వర్లు వాడేవారికి సర్వరుతో దూరం ఎనిమిదో వంతుకు తగ్గింది. సరుకు దిగే సమయం సగమయింది. అయితే వీధి వీధికీ వేరు జవాబు కావలసివచ్చింది కనుక, అడిగే ప్రశ్నల సంఖ్య ఎనిమిది రెట్లు పెరిగింది.

ఖర్చు అదొక్కటే కాదు. మనం ఏ పేర్లు అడుగుతున్నామో మన జీవితం అంతా అందులో ఉంటుంది. ఏ జబ్బు గురించి చదివామో, ఏ ఉద్యోగం వెతికామో. ఆ ప్రశ్నతోపాటు మన వీధి పేరు కూడా పంపడం తగదని, 2018 ఏప్రిల్ 1న తన రిజాల్వరును ప్రారంభించిన క్లౌడ్‌ఫ్లేర్ ఆ పద్ధతిని పక్కన పెట్టింది. ఎక్కడున్నావో చెబితే సరుకు దగ్గర దొరుకుతుంది, చెప్పకపోతే గుట్టు దక్కుతుంది. ఇద్దరి వాదనా న్యాయంగానే కనిపిస్తుంది నాకు. ఒకే చిరునామాను అనేక ఊళ్ళనుండి ప్రకటించే ఎనీకాస్ట్ వంటి మార్గాలు ఈ సందిగ్ధాన్ని కొంత తప్పిస్తాయి. అప్పుడు దారి నిర్ణయించేది జాలాల మధ్యనున్న ఒప్పందాలు. ఆ ఒప్పందాలు చిన్న సంస్థలకు అనుకూలంగా లేకపోతే, అక్కడా మన ప్రశ్న సముద్రం దాటవచ్చు.

సొంత సంస్థ రిజాల్వరే మేలని ఏకపక్షంగా అనడానికీ వీలులేదు. దారి చెప్పేవాడికి దారి తప్పించే అధికారమూ ఉంటుంది. 2003 సెప్టెంబరులో వెరిసైన్ సంస్థ, లేని పేరు అడిగినవారందరినీ తన సొంత పుటకు మళ్ళించి, అభ్యంతరాలు రావడంతో కొద్దివారాలకే విరమించుకొంది. ఆ తరువాత కొన్ని ఇంటర్నెట్టు సంస్థలు తప్పు పేర్లకు ప్రకటనల పుటలు చూపడం అలవాటు చేసుకొన్నాయి. అటువంటి చోట చందాదారుడు బయటి రిజాల్వరును ఆశ్రయిస్తే అతడిని తప్పుపట్టలేము. నమ్మకం చెడగొట్టుకొన్న సంస్థ, దగ్గరితనాన్ని కూడా పోగొట్టుకొంటుంది.

మహానగరాలలో ఈ తేడా తెలియకపోవచ్చు. అక్కడ ఏ రిజాల్వరును అడిగినా నకలు పక్కవీధిలోనే ఉంటుంది. చిన్న ఊళ్ళలో అలా కాదు. అక్కడ ఎవరూ కన్నెత్తి చూడని ఒక గదిలోని ఒక యంత్రం ఆరోగ్యం మీద, వందల ఇళ్ళలో పిల్లల చదువులు ఆధారపడి ఉంటాయి. కనెక్షను తీసుకొనేటప్పుడు ఎంత స్పీడు అని అందరమూ అడుగుతాం. మీ రిజాల్వరు ఎక్కడుంది, అది పడిపోతే మరొకటి ఉందా అని కూడా అడగడం మొదలుపెడితే, ఆ గది తలుపు ఎవరో ఒకరు అప్పుడప్పుడైనా తెరుస్తారు.