అనని మాట

సెకండియర్‌లో మా క్లబ్ పత్రికకి హాస్టల్ మెస్ మీద ఓ వ్యాసం రాశాను. వంట చేసే అన్న "ఈమధ్య బియ్యం బాగుండట్లేదు" అన్నాడు. ఘాటు చాలదనిపించి, "పురుగుల బియ్యం వండమంటున్నారు" అని ఆయన పేరుతోనే వేసేశాను. మెచ్చుకోళ్లు నాకొచ్చాయి, వార్డెన్ నుంచి పిలుపు ఆయనకొచ్చింది.

"నేనా మాట అన్లేదు కదా తమ్ముడూ!" అన్నాడు, అంతే. ఆ పూట అన్నం గొంతు దిగలేదు.

కందుకూరి 1874లో 'వివేకవర్ధని' పెట్టి లంచగొండుల గుట్టు రట్టు చేశారని మైకు పట్టుకుని ఊదరగొట్టిందీ నేనే. ఆయన పెద్ద అధికారులతో తలపడ్డారు. నేనేమో నెల జీతం మీద బతికే మనిషిని ఇరికించాను.

వార్డెన్ దగ్గరికెళ్లి ఒప్పుకున్నాను, తర్వాతి సంచికలో సవరణ వేశాం. వ్యాసం చదివినవాళ్లలో సవరణ ఎందరు చూశారో! ఇప్పుడు ఎవరి మాట రాసుకున్నా, వాళ్లకి చదివి వినిపించాకే పంపిస్తున్నాను.