ఎర్ర సరస్సులో వాలై వేట

మిన్నెసోటా రాష్ట్రంలో మోటారు బళ్ళ నంబరు పలకల మీద "పదివేల సరస్సులు" అని రాసి ఉంటుంది. లెక్కపెడితే అంతకు మించే తేలుతాయట! చలికాలంలో ఈ సరస్సులు ఎంత గట్టిగా గడ్డకడతాయంటే, వాటి మీద కార్లు కూడా నడుపుతారు. ఉత్తరాది సరస్సులలో ఏప్రిల్ చివరనో మే మొదటనో ఆ మంచు కరుగుతుంది. మే నడిమిన ఒక శనివారం వాలై చేప వేట తెరుస్తారు. మృగశిర కార్తెనాడు మన చేపల బజార్లలో ఎంత సందడో, ఆనాడు అక్కడి పడవల రేవుల్లో అంత సందడి.

మనకు కొరమేను ఎట్లాగో వాళ్ళకు వాలై అట్లాగ. 1965లో దాన్ని రాష్ట్రపు చేపగా శాసనం కూడా చేసుకున్నారు. పసుపు వన్నె ఒళ్ళు, తెల్లని పొట్ట, పిల్లి కళ్ళలాగా మెరిసే కళ్ళు. కంటి వెనుక అద్దం వంటి పొర ఒకటి ఉండడం వల్ల అది మసక వెలుతురులో బాగా చూడగలదు. అందుచేత తెల్లవారుజామూ, మునిమాపూ దాని భోజన వేళలు.

మిన్నియాపోలిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, మరదలు, వాళ్ళ పన్నెండేళ్ళ అబ్బాయి, నేను మే మూడోవారంలో ఉత్తరానికి బయలుదేరాం. బెమిడ్జి పట్టణం దాటి, తుమ్మలూ తాటిచెట్లూ ఎరుగని దేవదారు అడవుల మధ్యగా, మొత్తం నాలుగైదు గంటల ప్రయాణం చేసి ఎగువ ఎర్ర సరస్సు ఒడ్డున ఉన్న వాస్కిష్ అనే పల్లె చేరాం. లైసెన్సులు కొనుక్కుని, ఒక ముసలాయన పడవ కుదుర్చుకున్నాం. గాలం పట్టడం తెలియని మాకు ఆయనే గురువు.

"మే నెలలో చేప కోసం నడి సరస్సుకు పరుగెత్తనక్కరలేదు," అన్నాడాయన. మంచు కరగగానే వాలైలు గుడ్లు పెట్టడానికి ఏటి ముఖాలకూ, రాతి ఒడ్డులకూ చేరతాయి. పెట్టాక కొన్నాళ్ళు ఆ దాపులనే మేస్తూ తిరుగుతాయి. అందుకని టమరాక్ ఏరు వచ్చి కలిసేచోటుకు కాస్త ఎడంగా, అయిదారు అడుగుల లోతులో లంగరు వేశాడు.

పరికరం అతి సామాన్యం. తలకు సీసపు గుండు పోసిన గాలాన్ని అక్కడ జిగ్ అంటారు. దానికి మన పరిగె వంటి చిన్న చేపను గుచ్చి, అడుగు తగిలేదాకా దింపాలి. జానెడు ఎత్తాలి, మెల్లిగా వదలాలి, ఆగాలి. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు చేపకూ బద్ధకమే. కర్రను ఊరికే ఊపేవాడికి ఏమీ దొరకదు. జూనులో నీళ్ళు వెచ్చబడ్డాక జలగనో వానపామునో గుచ్చి బెండు కింద వేలాడదీస్తారట. జలగ పేరు వినగానే మా మరదలు పడవలో అటు చివరకు జరిగి కూర్చుంది.

గాలి కూడా చూసుకోవాలి. నీరు అద్దంలా ఉన్న రోజుకంటె చిన్న అలలు లేచిన రోజు మేలు. అలలు వెలుతురును చెదరగొడతాయి; గాలి తోసే ఒడ్డుకు చిన్న చేపలు చేరతాయి, వాటి వెనుక వాలైలు వస్తాయి. పైగా ఈ సరస్సు నీరు బురదనేలల ఊటతో తేనీటి రంగుగా ఉంటుంది కనుక, ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా ఎర పట్టుకుంటాయి. ఆ రంగు నీటిలో కనబడడానికి నారింజ రంగో బంగారు రంగో గాలం వాడతారు.

ఇంతవరకు వేట సంగతి. ఈ సరస్సు కథ వేరే ఉన్నది.

ఎగువ, దిగువ అని రెండుగా ఉన్న ఎర్ర సరస్సు మొత్తం విస్తీర్ణం సుమారు 450 చదరపు మైళ్ళు. దిగువ సరస్సంతా, ఎగువ సరస్సులో పడమటి భాగం అక్కడి ఓజిబ్వే జాతివారివి. తూర్పు భాగం మాత్రమే మా వంటివాళ్ళ వేటకు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, ఆహార కొరత తీర్చడానికి ఇక్కడ వలలతో వ్యాపారపు వేట మొదలయింది. అటు వలలూ ఇటు గాలాలూ కలిసి లాగగా లాగగా, 1990ల నడిమికి వాలై దాదాపు అడుగంటింది. 1997లో ఓజిబ్వేలు తమ జీవనాధారమైన వలలను తామే ఆపుకున్నారు. 1999లో వాళ్ళూ, రాష్ట్ర ప్రభుత్వమూ, కేంద్ర ప్రభుత్వమూ ఒడంబడిక చేసుకుని సరస్సంతటా వాలై వేట మూసివేశారు. 1999, 2001, 2003 సంవత్సరాలలో కోట్ల కొద్దీ చేపపిల్లలను వదిలారు. 2006లో మళ్ళీ వేట తెరిచారు.

ఆ మధ్యకాలంలో మీకెట్లా గడిచిందని ముసలాయనను అడిగాను. వాలై లేనప్పుడు క్రాపీ అనే మరో చేప విరగబడి పెరిగిందట. దానికోసం వచ్చినవాళ్ళే తిండి పెట్టారట. "కాని రేవులో కూర్చుని వాలైని తలుచుకోని రోజు లేదు," అన్నాడు.

సాయంకాలం మా అబ్బాయి గాలానికి పెద్ద వాలై పడింది. వాడి మోచేయి దాటి ఉంది. అయితే, పెద్ద చేప మనిషికి ఒకటి కంటె ఎక్కువ ఉంచుకోకూడదని ఆ యేటి నిబంధన. మా అందరి వంతువీ మధ్యాహ్నమే పట్టేశాం. కుర్రవాడి ముఖం వాడిపోయింది.

"ఎవరూ చూడడం లేదుగా, పెదనాన్నా!"

నేను నోరు విప్పేలోగా ముసలాయన కొలబద్ద పక్కన పెట్టి, ఇంత పెద్దది ఆడచేపే అయి ఉంటుందనీ, వచ్చే వసంతంలో లక్షకు పైగా గుడ్లు పెట్టగలదనీ చెప్పాడు. వాడు కాసేపు ఆలోచించాడు. తరువాత రెండు చేతులా దాన్ని నీటిలోకి దించి, తోక ఆడించేదాకా పట్టుకుని, వదిలాడు.

మీలో ఎవరైనా పిల్లల్ని చూడడానికి ఆ వైపు వెళితే, జూను నెలాఖరులోగా ఒక రోజు వేటకు కేటాయించుకోండి. వెచ్చని కోటు, చేతి తొడుగులు మరవకండి. ఏ సరస్సులో ఎన్ని చేపలు, ఎంత పొడవువి ఉంచుకోవచ్చో ఏటేటా మారుతుంది గనుక, ఎర కొనే దుకాణంలోనే ఆ సంవత్సరపు నిబంధనలు అడిగి, కొలబద్ద కూడా కొనుక్కుని మరీ పడవ ఎక్కండి.